అయిదో గడిలో రాయని మాట

కిర్గిజ్ దేశపు ఓష్ నగరంలో, రైతుబజారు వెనక మూడో అంతస్తులో ఉంటున్న హోల్మురాదవా ఓయ్‌నిసా అనే నేను, డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్తిగా రాసిన కడపటి పత్రం ఇది. దీనికి ముందు రాసినవేవీ చెల్లవు. నా మతి నిలకడగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. మోకాళ్ళు మాత్రం సరిగా లేవు, ఆస్తి పంచడానికి వాటితో పని లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు గణితం చెప్పినదాన్ని కాబట్టి అంశాలకు అంకెలు వేశాను. మధ్యలో నా సొంత మాటలు వస్తాయి. నోటరీగారు వాటిని తీసేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు.

1. ఈ పత్రాన్ని అమలు చేసే బాధ్యత నా స్నేహితురాలు ఐచురెక్‌ది. ఆమె మా విశ్వవిద్యాలయం రికార్డుల గదిలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. ఆమె కిర్గిజ్, నేను కాదు. మా అమ్మ పోయినప్పుడు, ఎవరూ పిలవకుండానే, ఊరి చివర మా మహల్లాకు వచ్చి, ఆడవాళ్ళ మధ్య నేలమీద కూర్చుని, పెట్టింది తిని వెళ్ళింది. మర్నాడు ఆఫీసులో ఆ సంగతి ఎత్తలేదు. నా గుట్టు తెలిసీ దాచిన మనిషి ఆమె. నా రాగి కెటిలూ, కిటికీలో ఉన్న జెరేనియం కుండీలు రెండూ ఆమెవే.

2. విశ్వవిద్యాలయంలో ఉన్న నా ఉద్యోగపు ఫైల్లో అయిదో గడి, అంటే జాతి రాసే గడి, సరిచేయించాలి. అక్కడ తాజిక్ అని ఉంది. అది అబద్ధం. నేను ముగాత్‌ని. మమ్మల్ని బజారులో లూలీలంటారు. ఆ మాట పలికేటప్పుడు జనం చేతిసంచీ దగ్గరికి లాక్కుంటారు.

ఆ అబద్ధం రాసింది నేనే. 1970లో, గుర్రపు వెంట్రుకలతో జల్లెళ్ళు అల్లే మా అమ్మ, తన ఒకే ఒక్క మంచి గౌను నాకు తొడిగి పంపితే, దరఖాస్తు పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డాను. మార్కులు చూసి గుమస్తా మెచ్చుకున్నాడు. అయిదో గడి చూసి పెన్ను కింద పెట్టాడు. “చూడమ్మాయ్, ఇక్కడ తాజిక్ అని రాశావా, హాస్టల్లో మంచం ఇస్తా. నువ్వు రాసిందే ఉంచితే రోజూ పొద్దున్నే దుప్పట్లు లెక్కపెట్టుకునే పని నాకు పడుతుంది” అన్నాడు. కోపంగా అనలేదు. ఉపకారం చేస్తున్నట్టే అన్నాడు. ఇంకో ఫారం కూడా ఉచితంగా ఇచ్చాడు. రాశాను. ఆ మంచం మీద అయిదేళ్ళు పడుకున్నాను.

ఫైలు మార్చమని కిందటేడు అర్జీ పెట్టాను. రిటైరైనవారి ఫైళ్ళు ముట్టుకోరాదని జవాబొచ్చింది. కోర్టుకు వెళ్ళమని ఐచురెక్‌ను కోరుతున్నాను. నేను బతికుండగా తేలకపోతే, పోయాకైనా తేల్చాలి.

3. ఇకపై నిగీనా అని రాసిన చోటల్లా ఒక మనిషి ఉంది. అది ఆమె పేరు కాదు. అసలు పేరు మూసిన కవరులో ఉంది. దాన్ని ఐచురెక్ తప్ప ఎవరూ విప్పకూడదు.

1998లో మా మహల్లా నుంచి పదహారేళ్ళ నిగీనాను వాళ్ళ నాన్న నా దగ్గరికి తీసుకొచ్చాడు. గోడకానుకుని నిలబడి, నేను బోర్డు మీద చేస్తున్న లెక్కలో తప్పు పట్టుకుంది. అయిదేళ్ళు నా ఇంట్లోనే ఉంది. నన్ను పిన్నీ అనేది. ఆమె దరఖాస్తు నింపిన రోజున అయిదో గడి దగ్గర ఆగి నా మొహం చూసింది. తాజిక్ అని రాయమన్నాను. చిరునామా నాదే వేయమన్నాను. “ఇప్పటికి నోరు మూసుకుని చదువుకో. మనిద్దరం కుర్చీల్లో కూర్చున్నాక తెరుద్దాం” అన్నాను. ఆ మాట నేనే అన్నానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

4. ఇద్దరికీ అదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే కుర్చీలు వచ్చాయి. నోరు తెరవలేదు కానీ ఒక మంచి పని చేశాం. 2008లో మహల్లా పిల్లల కోసం శనివారాలు ఒక తరగతి మొదలుపెట్టాం. రెండేళ్ళకు విశ్వవిద్యాలయం దాన్ని తనదిగా ఒప్పుకుంది: ఏడాది పాటు ప్రవేశ పరీక్షకు తయారీ, ఫీజు మాఫీ, హాస్టల్లో అయిదు మంచాలు. కాగితం మీద దాని పేరు వెనకబడిన విద్యార్థుల తరగతి. ముగాత్ అన్న మాట ఎక్కడా లేదు. పదిహేనేళ్ళలో అందులోంచి పదకొండు మంది పరీక్ష గెలిచి లోపలికి వెళ్ళారు. పదకొండు మందికీ దరఖాస్తులు నింపిపెట్టింది నేనే. ఏ గడిలో ఏం రాశానో వేరే చెప్పక్కర్లేదు.

5. 2023లో ఎవరో పెద్దలు తనిఖీకి వస్తున్నారని రెక్టర్ సమానత్వ కమిటీ వేశాడు. తొమ్మిది మంది సభ్యులు. వాళ్ళలో నిగీనా ఒకతె. అప్పటికి నేను రిటైరై ఎనిమిదేళ్ళు. అయినా తరగతి నడుపుతున్నది నేనే కాబట్టి మార్చి నెల సమావేశానికి పిలిచారు. పిలుపు చూసి సంబరపడ్డాను. మంచాలు పదికి పెంచమని అడగాలనుకుని, తెల్ల కాలరున్న గౌను ఇస్త్రీ చేసుకుని వెళ్ళాను.

కార్యదర్శి ఒక పట్టిక చదివాడు. విద్యార్థుల్లో, సిబ్బందిలో ఏ జాతివాళ్ళు ఎంతమందో వరసగా ఉంది. ముగాత్ దగ్గరికొచ్చేసరికి, పదిహేనేళ్ళకూ కలిపి, సున్నా. ఆ మహల్లా నుంచి ఎవరూ రానప్పుడు తరగతి దండగన్నారు. దాన్ని ఎత్తేసి, ఆ గదిలోనే సమానత్వ కేంద్రం పెడతామన్నారు. కార్యదర్శి దగ్గర గది నమూనా కూడా ఉంది.

నేను లేచాను. మోకాలు పట్టేసి, లేవడానికి కాస్త సమయం పట్టింది. “నన్ను లెక్కపెట్టండి” అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. నేను ముగాత్‌నని, యాభై మూడేళ్ళుగా ఈ భవనంలోనే ఉన్నానని చెప్పాను. రెక్టర్ చెడ్డవాడు కాదు. నా ఫైలు తెప్పించి, చూసి, నా వైపు తిప్పాడు. “అమ్మా, ఇక్కడ తాజిక్ అని మీ చేతిరాతే ఉంది” అన్నాడు. నేను నిగీనా వైపు చూశాను. ఆమె పేరు పలికితే చాలు, ఆ పట్టిక తప్పని తేలిపోయేది. పలకలేదు. ఆమె నోటితో ఆమే అనాలని ఎదురుచూశాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంది. తొమ్మిది సంతకాలూ పడ్డాయి.

కోట్లు తగిలించే గదిలోకి నా వెనకాలే వచ్చింది. నా కోటు తీసి పట్టుకుంది, చేతులు దూర్చడానికి వీలుగా, ఎప్పట్లాగే. “ఆ సున్నా నేనే రాశాను పిన్నీ. పదకొండు అని రాస్తే ఆ పదకొండు మంది ఎవరంటారు. ఆ తరవాత నా దగ్గరికొస్తారు. నా పిల్లలకు కూడా తెలీదు” అంది. నేను కోటు గుండీలు పెట్టుకున్నాను. “నోరు మూసుకోమంది మీరేగా. ఎప్పుడు తెరవాలో రోజు చెప్పలేదుగా” అంది.

బజారులో లూలీ అని ఉమ్మినవాళ్ళను నేను ఇంటికి రాగానే మర్చిపోయేదాన్ని. ఈ మాటను మర్చిపోలేదు. నా అన్నం తిని నన్ను సున్నా చేసింది. అంతకన్నా బాధ, ఆమె అన్నదాంట్లో అబద్ధం లేకపోవడం.

6. ఆ ఏడాది హాస్టల్లో మంచాలు పోయినవాళ్ళు ముగ్గురు. పర్వీనా రష్యాలో రొట్టెల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. నా దగ్గర ఇంతవరకూ కూర్చున్న పిల్లల్లో అంత వేగంగా లెక్క చేసినది ఇంకొకతె లేదు. బోర్డు మీద గీసే నా చెక్క వృత్తలేఖినిని ఆమెకు పోస్టులో పంపాలి. ఫ్యాక్టరీలో దానితో ఏం చేసుకుంటుందని అడగొద్దు. మిగతా ఇద్దరూ, గుల్చెహ్రా, ఆమె చెల్లెలు మొహీరా, నా వంటింటి బల్ల దగ్గరే చదువుతున్నారు.

7. పదకొండు మందికీ ఉత్తరాలు రాశాను, మీ ఫైళ్ళు కూడా సరిచేయించనా అని. ఆరుగురు జవాబివ్వలేదు. నలుగురు వద్దన్నారు. వాళ్ళలో ఒకామె, ‘నా అత్తగారు బతికున్నన్నాళ్ళు వద్దు పంతులమ్మా, కాళ్ళు పట్టుకుంటా’ అని రాసింది. జలాలాబాద్‌లో మందుల కొట్టు నడిపే జాఫర్ ఒక్కడే సరేనన్నాడు. కాబట్టి పట్టికలో సున్నా బదులు రెండు ఉండాలి, అతనిదీ నాదీ. మిగతావారి పేర్ల జాబితాను నా చేతులతో నేనే పొయ్యిలో వేశాను. దానికోసం ఎవరూ వెతకొద్దు.

8. మూడో అంతస్తులోని నా రెండు గదుల ఫ్లాటు సర్వహక్కులతో ఐచురెక్ పేరున దఖలు పడాలి. అయితే, మా మహల్లా నుంచి నగరంలో చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లలను మాత్రమే అందులో ఉండనివ్వాలన్న షరతు మీద. నా తమ్ముడి కొడుకులకు ఇందులో వాటా లేదు. ఆడపిల్లలకు చదువెందుకని నా బల్ల దగ్గరే, నా పులావ్ తింటూ అన్నారు. వాళ్ళకు నా రేడియో ఇస్తున్నాను, ఇద్దరూ కలిసి వినొచ్చు. ఫ్లాటులో ఉండే పిల్లలకు ఒకే నిబంధన. అయిదో గడిలో ఏం రాయాలో ఎవరూ వాళ్ళకు చెప్పకూడదు. దాచమని చెప్పకూడదు, చాటమనీ చెప్పకూడదు.

9. విశ్వవిద్యాలయానికి ఆస్తిలో ఏమీ ఇవ్వడం లేదు, సలహా మాత్రం ఉచితంగా ఇస్తున్నాను. సమానత్వ కేంద్రానికి అద్దాల తలుపులు పెట్టారు. ఇంతవరకూ మహల్లా నుంచి ఒక్కరు కూడా వాటిని తోసుకుని లోపలికి రాలేదు. ముందు అయిదు మంచాలు వెనక్కివ్వండి. తరగతి మళ్ళీ పెట్టండి. పిల్లలు ఎవరని అడగడానికి ముందు, నిజం చెబితే వాళ్ళకు ఏమీ కాదని చూపించండి. దుప్పట్లు లెక్కపెట్టే మనిషిని కౌంటరులో కూర్చోబెట్టకండి. ఇంత చేశాక పట్టిక రాసుకోండి. అప్పుడు వచ్చే అంకె ఎంతైనా నేను నమ్ముతాను.

10. నిగీనా అయిదేళ్ళు కప్పుకున్న అతుకుల బొంత ఆమెకే చెందుతుంది. మా అమ్మ కుట్టింది. చలి మొదలైతే ఆమెకు దగ్గు పట్టుకుంటుంది, ఇంట్లో వాళ్ళెవరూ పట్టించుకోరు. ఇది క్షమించడం కిందికి రాదు. నా సంతాప సభలో మాత్రం ఆమె మాట్లాడకూడదు.

11. నన్ను మహల్లా శ్మశానంలో, మా అమ్మ పక్కన పూడ్చాలి.

12. పదకొండో అంశంతో పత్రం ముగిసింది. కానీ నిన్న ఆదివారం మధ్యాహ్నం జరిగినది కూడా రాయమని నోటరీగారిని కోరాను.

ఆ సమావేశం జరిగిన ఏడాదిన్నర పైచిలుకు తరవాత నిగీనా మా ఇంటికి వచ్చింది. నేను వీలునామా రాస్తున్నానని ఎవరో చెప్పారట. గుమ్మంలోనే నిలబడి, అందులో తన పేరుందా అని అడిగింది. లేదన్నాను. ఆ మాట విన్నాక చెప్పులు విప్పి లోపలికొచ్చింది. వంటింట్లో పిల్లలిద్దరూ త్రికోణమితి లెక్క దగ్గర చిక్కుకుని ఉన్నారు. నేను టీ పెట్టేలోపు ఆమె వాళ్ళ పక్కన కూర్చుంది. పెన్సిలు తీసుకుని, తప్పు ఎక్కడుందో చెప్పకుండా, వాళ్ళే పట్టుకునేదాకా ప్రశ్నలు వేసింది. అలా చెప్పడం ఆమెకు నేనే నేర్పాను. గంటసేపు నేను పొయ్యి దగ్గరే నిలబడిపోయాను.

లేచి వెళ్ళబోతుంటే చిన్నది, మొహీరా, సూటిగా అడిగేసింది: “అక్కా, మీరూ మన మహల్లావాళ్ళేనా?”

“కాదమ్మా, నేను మీవాళ్ళను కాను” అంది నిగీనా.

కానీ ఆ మాట అన్నది తాజిక్‌లో కాదు, రష్యన్‌లో కాదు. బయటివాళ్ళకు తెలియకుండా మాలో మేము మాట్లాడుకునే మా మహల్లా మాటల్లో అంది. అన్నాక గానీ ఆమెకు తెలియలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మొహీరా తన నోటుబుక్కు మూసి లేచి, ఆమె చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.

ఓష్, 2024 నవంబరు 18, సోమవారం. పైన రాసినదంతా చదివి, నోటరీ ఎదుట నా చేత్తో సంతకం చేశాను.

(సం.) హోల్మురాదవా ఓయ్‌నిసా, ముగాత్, విశ్రాంత గణిత అధ్యాపకురాలు

సాక్షులు:
1. (సం.) అబ్దువలీయెవ్ జాఫర్, మందుల కొట్టు యజమాని, జలాలాబాద్
2. (సం.) తొక్తోసునోవ్ మెదెత్, కింది అంతస్తు నివాసి, కుట్టుపనివాడు