పంచుకోని దూలం

ఆదివారం రాత్రి, వానాకాలం, 1974

ఇంటి నడుమ గోడ కట్టించిన నాటి నుంచి తమ్ముడు నర్సింగ్ మీద నా కడుపు మండుతూనే ఉంది. ఉప్పుగూడ స్టేషన్ దగ్గర మా తాత కట్టిన ఇల్లది. ఆనాడు పెద్దమనుషులు కూర్చొని గదులు పంచారు, వాకిలి పంచారు. పైకప్పును మోసే టేకు దూలం గోడ మీదుగా ఇద్దరి వైపుకూ పోతుందని ఒక్కడికీ తోచలేదు.

ఇవాళ చూస్తే, వాడి వైపు దూలాన్ని మోసే చెక్కడపు స్తంభాలు రెండూ పీకి వాకిట్లో బండిలో వేసి ఉన్నాయి. పాత సామాను కొనేవాడికి అమ్మేశాడు. దూలం కింద వాటికి బదులు వంకర కట్టెలు నిలబెట్టాడు. చూస్తేనే కంపరమెత్తింది.

"ఏందిరా గిది?" అన్నాను.

"నా దిక్కు స్తంభాలు నేను అమ్ముకున్న. నీకేం ఫికర్ అన్నా?"

"దూలం గూడ నీ దిక్కేనా? కోసి అమ్ముకో మరి!"

"కొనెటోడు దొరికితే గదీ అమ్ముత."

పండ్లికిలించాడు. థూ! వాడూ నేనూ ఒక్క తల్లి పాలు తాగామంటే నాకే రోత పుడుతోంది.

ఇప్పుడు నా మంచం మీద సున్నం రాలుతోంది. లాంతరు ఎత్తి చూస్తే దూలం వాడి వైపు కుంగినట్టుంది. మనవరాలిని వంటింట్లో పడుకోబెట్టాను. రేపటి నుంచి వాన గట్టిగా పట్టుకుంటే...

పొద్దున్నే గోడ మీది నుంచి నలుగురూ వినేటట్టు అడుగుతాను. నర్సింగా, దూలం కింద గట్టి స్తంభాలు నిలబెడతావా, లేదా? శుక్రవారం లోపల నాకు జవాబు కావాలి.