మూడు నెలల గోలీలు

జూలై 14

మొదటి గోలీ మింగాను, ఇడ్లీతో. కందిగింజంత కూడా లేదు. దీనికా ఇంట్లో ఇంత రభస!

డాక్టరమ్మ స్కాన్ చూసింది, గర్భసంచిలోంచి ముక్క తీసి పంపిన పరీక్ష చూసింది, బీపీ చూసింది. చెడు ఏమీ లేదంది. "ముట్లు ఆగే ముందు ఒళ్ళు ఇట్లనే ఆగమాగం చేస్తది పద్మా. మూడు నెలలు ఈ హార్మోన్ గోలీలు వాడి చూద్దాం. అప్పటికీ బ్లీడింగ్ ఆగకుంటే ఆపరేషన్ మాట." ఆగితే వద్దు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

నెక్కొండ నుంచి అక్క ఫోన్. "ఏందే చెల్లె, నలభై ఏడేండ్లొచ్చినయ్. ఇంక ఆ గర్భసంచి ఏంజేసుకుంటవే, మళ్ళ కంటవా? తీసేపిచ్చుకో, పీడ పోతది." అక్కకు ముప్పై నాలుగేళ్ళకే తీసేశారు. వాళ్ళ వీధిలో సగం మందికి తీసేశారు. పుచ్చు పన్ను పీకించుకున్నట్టు చెబుతారు ఆ మాట.

నేను తీయించుకోను. ఎందుకో అక్కతో చెప్పలేకపోయాను. అప్పటి నుంచి అక్క నడుం పట్టుకుని లేవడం, గోడ పట్టుకుని నడవడం చూస్తూనే ఉన్నాను కదా... ఆ మాట తన మొహం మీద ఎట్లా అనేది?

జూలై 16

తొర్రూరు ఫస్ట్ బస్సులో కండక్టర్ డ్యూటీ. మామునూరు దాటకముందే కడుపులో తిప్పుడు మొదలు. టికెట్ మిషన్ మీద అంకెలు ఈదుతున్నాయి. డ్రైవర్ యాదగిరన్న అద్దంలో చూసి — "చెల్లె, ఆపన్నా?" "వద్దన్నా, టైం పోతది." పోయింది టైం. వర్ధన్నపేటలో దిగి, బస్సు వెనక్కి పోయి కక్కుకున్నాను.

ఎక్కేసరికి ముందు సీటు ముసలమ్మ నవ్వుతోంది. "నీళ్ళోసుకున్నవా బిడ్డా?" బస్సంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఏం చేయను! ఈ వయసులో నా మీద అంత నమ్మకం పెట్టుకున్నది ఆమె ఒక్కతే.

జూలై 17

డాక్టరమ్మకు ఫోన్. పొద్దున వద్దట. రాత్రి అన్నం తిన్నాక. రోజూ ఒకటే వేళకు, మరిచిపోవద్దు. మరిచిపోను.

జూలై 22

కక్కుడు తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకోటి. రొమ్ములు రెండూ పుండు లాగా సలుపు. టికెట్ సంచి పట్టా సరిగ్గా వాటి మీదుగానే పోతుంది. ఎవడు కుట్టాడో ఆ పట్టా, ఆడమనిషిని ఒక్కసారైనా తలుచుకుని కుట్టలేదు. జనం తోసుకున్నప్పుడల్లా కళ్ళలో నీళ్ళు. మధ్యాహ్నం ట్రిప్పుకు సంచిని నడుముకు కట్టుకున్నాను, పత్తి ఏరేవాళ్ళు ఒడి కట్టుకున్నట్టు. యాదగిరన్న చూసి, "మంచిగనే ఉన్నది" అన్నాడు. ఏమయిందని అడగలేదు. మంచి మనిషి.

జూలై 29

రోజూ మచ్చ. ఇదివరకటిలా గడ్డలు గడ్డలుగా పోవడం లేదు, అది నిజం. కానీ ఆగడమూ లేదు. ఇది ముట్టా, కాదా? దేవుడి గూట్లో దీపం పెట్టొచ్చా, వద్దా? శ్రావణిని పెట్టమన్నాను. "అమ్మా, ఇట్లయితే ఏడాదంత నేనే పెట్టాల్నా?" అంది. డిగ్రీ చదివే పిల్లకు దీపం పెట్టడానికి కూడా సిలబస్ అడ్డం వస్తుంది.

తొర్రూరులో బస్టాండు బాత్రూంకు తాళం. తాళంచెవి మనిషి చాయ్ తాగడానికి పోయాడట. చాయ్ హోటల్ దాకా పోయి, అందరి ముందు చెయ్యి చాపి అడిగి తెచ్చుకున్నాను. సిగ్గు ఎప్పుడో వదిలేశాను. కోపం మాత్రం వదల్లేదు.

ఆగస్టు 3

పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాడు మా ఆయన. గిన్నె నేలకేసి కొట్టాను. పొద్దంతా మగ్గం మీద కూర్చుని జంపఖానాలు నేసే మనిషి, నోట్లోంచి మాట రావడమే అరుదు. ఆ ఒక్క మాటకు నేనిలా!

పప్పు ఎత్తిపోస్తూ మెల్లగా అన్నాడు — "ఆ గోలీలు నీకు పడుతలేవే." "నువ్వు పడ్డవా నాకు, ఇన్నేండ్ల నుంచి? వాడుకుంటలేనా?" అన్నాను. కాసేపటికి ఇద్దరమూ నవ్వాం. కానీ భయమేసింది. చేతిలోంచి గిన్నె పోయినట్టు కూడా తెలియలేదు నాకు. ఆ కోపం నాది కాదు.

ఆగస్టు 9

రాఖీ.

ఊళ్ళో ఆడవాళ్ళంతా నా బస్సులోనే. ఆడవాళ్ళకు ఫ్రీ కదా — ఆధార్ చూడు, జీరో టికెట్ కొట్టు, చింపు, ఇవ్వు. ఆధార్ చూడు, జీరో కొట్టు... మగవాళ్ళు నలుగురో ఐదుగురో. ఒళ్ళంతా ఆవిర్లు, తలలో పొగ పట్టినట్టు. వర్ధన్నపేటలో ఒకతను, భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఎక్కారు. "నాకొక్కటి పైసల్ టికెట్ కొట్టమ్మా" అని డబ్బులిచ్చాడు. తీసుకుని సంచిలో వేశాను. నలుగురికీ జీరోలే కొట్టి చేతిలో పెట్టాను.

రాయపర్తిలో చెకింగ్ వాళ్ళు ఎక్కారు. మగవాడి చేతిలో జీరో టికెట్.

డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వకపోవడం. మా ఉద్యోగంలో దొంగతనం అంటే అదే. చెకింగ్ ఆయన బస్సంతా వినబడేటట్టు — "ఎన్నొద్దుల సంది నడుస్తాందమ్మా ఈ కథ?" ఆ పిల్లల తండ్రి పాపం, "సార్, ఆమె కావాల్నని చేయలే, చూసుకోలే గంతే" అంటూనే ఉన్నాడు. ఎవరు వింటారు? ఇన్నేళ్ళలో ఒక్క మాట పడని దాన్ని.

ఏడుస్తూ తొర్రూరు దాకా టికెట్లు కొట్టాను. ఒక్కో టికెట్ రెండుసార్లు చూసుకుని.

ఆగస్టు 10

మెమో ఇచ్చారు. జవాబు రాయాలి.

యాదగిరన్న — "గోలీలు వాడుతాన, తల తిరుగుతాందని రాయి చెల్లె. ఇడిసిపెడతరు." ఇంట్లో మా ఆయన — "గోలీలు బంద్ జెయ్, నౌకరే పోతే ఇగ ఏముంటది?" అక్క సరే సరి. "నేను ముందే చెప్పలే? ఆపరేషన్ అయితే నెల సెలవు, మళ్ళ జిందగీల ఫికర్ ఉండది."

ముగ్గురూ నా మంచికే చెప్పారు. ముగ్గురి మీదా ఒళ్ళు మండిపోతోంది.

ఆగస్టు 11

ఆపేశాను. గోలీల పట్టీ బియ్యం డబ్బా వెనక పడేశాను. తల తేటగా ఉంటే చాలు నాకు. ఉద్యోగం పోతే నేనేం మనిషిని?

ఆగస్టు 14

రాయాలంటే చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

రాయపర్తి దాటాక బస్సులోనే మొదలైంది. కుళాయి తిప్పినట్టు. చీర మీది ఖాకీ ఆప్రాన్ తడిసి, చీర తడిసి, కాళ్ళ వెంట... నిలబడ్డచోట మెట్టు మీద. ఎవరో పెద్దామె చూసింది. "ఓ డ్రైవరన్నా, ఆపు! మొగోళ్ళు దిగుండ్రి, దిగుండ్రి!" అని కేకేసింది. మగవాళ్ళంతా కిక్కురుమనకుండా దిగారు. ఆడవాళ్ళు చుట్టూ నిలబడి కొంగులు అడ్డం పట్టారు. రోడ్డు పక్క ఇంట్లో ఆమె నన్ను లోపలికి తీసుకుపోయి నీళ్ళిచ్చింది, తన చీర ఇచ్చింది. పేరు కూడా అడగలేదు నేను. చీర చుట్టుకుంటుంటే ఆమె అంది — "ఆపరేషన్ చేపిచ్చుకోలేదా అక్కా ఇంకా? నాకు రెండేండ్లాయె." ముప్పై కూడా దాటినట్టు లేదు ఆమెకు.

బస్సు నా కోసం ఆగే ఉంది. ఒక్కరు కూడా టైం అడగలేదు.

ఆగస్టు 16

డాక్టరమ్మ తిట్టింది. "ఎవరినడిగి ఆపినవ్? మధ్యల తటాలున ఆపితే ఇట్లనే వరదొస్తది." పరీక్ష చేయించింది, రక్తం బాగా తగ్గిపోయింది. ఐరన్ రాసింది. తల పొగ, కోపం, రొమ్ముల సలుపు అన్నీ చెప్పాను. ముందే చెప్పాల్సింది! ఓర్చుకోవడమే వైద్యం అనుకున్నాను. ఆమెకు చెప్పాలనే తట్టలేదు నాకు. బస్సులో చిల్లర మాత్రం గీసి గీసి అడుగుతాను.

గోలీ మార్చింది. ఇది ఇంకా తక్కువ మోతాదు. మూడు నెలలు మళ్ళీ మొదటి నుంచి. పిక్క వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా ఆగకుండా రమ్మంది.

"ఆపరేషన్ చేసెయ్యమంటవా?" అని కూడా అడిగింది. నా నోటితో చెప్పమని అడిగిందేమో. "వద్దు మేడం. మళ్ళీ మొదలుపెడతా."

ఆగస్టు 18

మెమోకు జవాబు ఇచ్చేశాను. పొరపాటు నాదే, డబ్బు సంచిలోనే ఉంది, డిపోలో లెక్క చూసినప్పుడు ఆ ఒక్క టికెట్ డబ్బే ఎక్కువ వచ్చింది అని రాశాను. గోలీల మాట రాయలేదు.

సిగ్గుపడి కాదు. ఆ ముక్క రాస్తే, రేపటి నుంచి నలభై ఐదు దాటిన ప్రతి ఆడ కండక్టర్‌నూ అనుమానంగా చూస్తారు. డిపో మేనేజర్ సార్ మంచిగానే అడిగాడు — "పానం బాగలేకుంటే ఆఫీసుల కూసోబెడతనమ్మా." "లైన్ మీదనే ఉంట సార్." గట్టిగా మందలించి వదిలేశాడు.

ఆగస్టు 30

పిక్క నొప్పి. పొద్దంతా నిలబడే ఉద్యోగం, పిక్క నొప్పి లేని రోజు ఏది? అయినా పోయాను. ఈసారి ఓర్చుకోలేదు. కాలు స్కాన్ తీశారు, ఏమీ లేదు. ఆయన దవాఖాన బయట బెంచీ మీద పొద్దంతా కూర్చున్నాడు. మగ్గం ఆపి వచ్చాడు, అడగకుండానే.

సెప్టెంబర్ 8

మచ్చ ఆగింది, ఆవిర్లు తగ్గాయి. పొద్దున లేచేసరికి మెడ కింద తలగడ పొడిగా ఉంది. ముఖం జర ఉబ్బింది, ఆప్రాన్ గుండీలు బిగుతు. పోనీ. శ్రావణి అంటుంది — "అమ్మా, నీ బుగ్గలొచ్చినయ్."

ఏ సామానూ విసిరేయలేదు ఈ వారం.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ. అక్క వచ్చింది. తంగేడు, గునుగు నేనే పేర్చాను. ఆడుతుంటే అక్క నాలుగు చుట్లు తిరిగి అరుగు మీద కూర్చుండిపోయింది, నడుం పట్టుకుని.

ఇంటికొచ్చాక అన్నం తిని నేను గోలీ వేసుకుంటుంటే చూస్తూ అడిగింది — "ఈ గోలీలు నాకప్పుడు ఉండెనానే?"

ఉన్నాయి. డాక్టరమ్మనే అడిగి తెలుసుకున్నాను ఒకసారి. ఇవి నిన్న మొన్న వచ్చినవి కాదు.

"తెల్వదక్కా" అన్నాను.

అక్క చాలాసేపు పట్టీని తిప్పి తిప్పి చూసింది. "ఆ డాక్టర్ పొద్దుగాల చూసిండు, మాపటికి కోసిండు. తియ్యకుంటే క్యాన్సర్ అయితదన్నడు. నేను ఇంకో మాట అడగనేలేదే." ఆ మాట అంటున్నప్పుడు అక్క గొంతులో ఏడుపు లేదు. నాకే వచ్చింది. లోపలికి పోయి ఏడ్చాను.

అక్టోబర్ 9

మళ్ళీ మచ్చ. నెల దాటాక మొదటిసారి. చిన్నదే... చిన్నదేనా? డాక్టరమ్మకు ఫోన్ చేశాను. వాడుతూనే ఉండు, ఎక్కువైతే రా, లేదంటే నవంబర్‌లో స్కాన్ చూసి మాట్లాడదాం అంది. స్కాన్‌లో ఏముంటుందో నాకు తెలియదు. ఇంత పడి, చివరికి ఆపరేషనే అంటే?

అంటే అప్పుడు చేయించుకుంటాను. అన్నీ చూశాక, నాకు చెప్పి చేస్తే చేయించుకుంటాను.

అక్టోబర్ 11

డ్యూటీలో ఉండగా అక్క ఫోన్. అక్క ఎప్పుడూ ఆ వేళకు చేయదు. కోడలు లావణ్యకు రెండు నెలలుగా రక్తం ఎక్కువ పోతోందట. ముప్పై ఒక్కటి దానికి. ఊళ్ళో ఎవరో చెప్పిన దవాఖానకు తీసుకుపోతే బుధవారం ఆపరేషన్ పెట్టారట, పరీక్ష లేదు, పాడు లేదు.

"చెల్లె, నిజం చెప్పు. నీకు తగ్గిందా?"

బస్సు నిండా జనం. చేతిలో మిషన్. ఏం చెప్పను? తగ్గింది అంటే మొన్నటి మచ్చ? తగ్గలేదంటే బుధవారం దాన్ని కోస్తారు.

"నా సంగతి నాకే ఇంకా ఎరుకలేదక్కా. కానీ లావణ్యను టేబుల్ ఎక్కనియ్యకు. సోమవారం ఫస్ట్ రైలుకు తోల్కరా. మా డాక్టరమ్మ ముందుగాల చూడని."

అక్క మెల్లగా — "ఆమె కూడ తియ్యాలంటే?"

"అంటే అప్పుడు చూద్దాం."

"నన్ను గిట్ల ఎవ్వలు ఆపలేదే చెల్లె" అని ఫోన్ పెట్టేసింది.

సోమవారానికి సెలవు అడిగాను. పండుగ రద్దీ తర్వాత మనుషులు లేరు, కుదరదన్నారు. రేపు పొద్దున మళ్ళీ అడుగుతాను. ఇవ్వకపోయినా స్టేషన్‌కు పోతాను.