మెకానిక్ లేని కథ

8 జూలై 1979, ఆదివారం

సంతోష్‌నగర్ లైబ్రరీలో కథల క్లాసు. పురుషోత్తం సార్ బోర్డు మీద రాశారు: పాత్రలు, స్థలం, కాలం, సంఘర్షణ. అన్నిటికంటే ముఖ్యం, కథ ఎవరి కళ్లతో చూస్తున్నామన్నది అన్నారు. "నేను" అంటూ చెప్తే ఉత్తమ పురుష అంటారట. నిజంగా జరిగిన సంగతి ఒకటి అలా రాసి తెమ్మన్నారు.

పది రోజులుగా నా కళ్ల ముందు ఒక్క సంగతే తిరుగుతోంది.

10 జూలై

రాశాను. మా ఫ్యాక్టరీ బస్సు డ్రైవర్ ముష్తాక్ చెప్తున్నట్టుగా. జహనుమా దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ అడుగుకంటా పోయింది. ముందు అరటిపండ్ల బండి. ఆ బండి తోసుకెళ్తున్న నసీరుద్దీన్ సాబ్ కాలు బస్సు చక్రం కింద పడింది. ముష్తాక్‌ను సస్పెండ్ చేశారు. ఇరవయ్యో తారీఖు ఎంక్వైరీ.

కథ బాగా వచ్చింది. అదే భయంగా ఉంది.

15 జూలై, ఆదివారం

క్లాసులో చదివాను. అందరూ మెచ్చుకున్నారు. సార్ మాత్రం కాగితాలు వెనక్కి తిప్పి, బస్సు షెడ్డు దాటే ముందు ఒక మెకానిక్ చూసి ఉంటాడు కదా, ఆ మనిషేడి భిక్షపతీ అని అడిగారు. కథకు అవసరం లేదనుకున్నాను సార్ అన్నాను.

ఇంటికొచ్చి పట్టపగలే తలుపు గడియ పెట్టుకున్నాను.

ఇక్కడైనా రాయాలి. ఆ మెకానిక్ నేనే. ఆ పొద్దున నాలుగు బస్సులు, నేనొక్కణ్ని. మూడు చూశాను. నాలుగోది ముష్తాక్ బండి, దాని కిందికి దూరలేదు. చూసినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టాను.

16 జూలై

ఎవరు తలుపు కొట్టినా కిటికీలోంచి చూశాకే తీస్తున్నాను.

17 జూలై, సాయంత్రం ఐదు

పత్తర్‌గట్టిలో ముష్తాక్ కనబడ్డాడు. పక్క సందులోకి తప్పుకోబోయాను, పిలిచాడు. చాయ్ తాగించాడు. అన్నా, పెడల్ కిందికి పోయిందో, బ్రేకు నేనే లేటుగ తొక్కిననో, నాకే సమజైతలేదు అన్నాడు. తన కాలి మీద తనకే నమ్మకం పోయింది. నువ్వు చూసినవ్ గదా, బండి మంచిగనే ఉండె గదా అని అడిగాడు.

ఉండె అన్నాను.

18 జూలై

నా భార్య లీలమ్మకు అంతా చెప్పాను. నౌకరి పోతే మనం ఏం తినాలె అంది. తర్వాత చేట ముందేసుకుంది. బియ్యం ఏరుతూ ఏరుతూ, మరి సలీమా వాళ్లు ఏం తింటున్నరు అంది. సలీమా ముష్తాక్ భార్య.

20 జూలై, శుక్రవారం

ఎంక్వైరీ. ఆఫీసర్ బల్ల మీద రిజిస్టర్ తెరిచి నా సంతకం చూపించారు. బండి చెక్ చేశావు కదా అన్నారు. ఔనంటే చాలు, బయటపడేవాణ్ని. లేదు సార్, చూడకుండనే సైన్ చేసిన అన్నాను. మళ్లీ చెప్పమన్నారు. రెండోసారి చెప్పడమే కష్టమైంది.

నన్ను సస్పెండ్ చేశారు. బయట ముష్తాక్ ఆగాడు. ఆ దినం చాయ్ తాగుకుంట అడిగితి గదన్నా, అప్పుడెందుకు చెప్పలే అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

22 జూలై, ఆదివారం

క్లాసుకు వెళ్లలేదు. ఆస్పత్రికి వెళ్లాను. నసీరుద్దీన్ సాబ్ దుప్పటి ఒక పక్క మోకాలి నుంచి చదునుగా ఉంది. కౌన్ హై భాయ్, ఎవరు నువ్వు అని అడిగాడు. బస్సు చూడకుండా సంతకం పెట్టింది నేనేనని చెప్పాను. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. విజిటర్ల బెల్ మోగేదాకా నిలబడ్డాను.