విప్పి కుట్టిన కాలర్లు

మార్చి 3, సోమవారం

పొద్దున లేవగానే అందరినీ వరసగా అడిగాను. అల్లుడికి నడుం నొప్పి ఎలా ఉంది? తగ్గిందట. మనవరాలికి జలుబు? లేదట, రోజూ అడగొద్దట. నా మోకాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. ఆఖర్న అమ్మాయిని అడిగాను. బతికే ఉన్నాలేమ్మా అని నవ్వింది.

దాని జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. నాకు నోరు తిరగదు, ఎం.ఎస్. అంటాను. పదమూడేళ్ళయింది. మొదట్లో వచ్చి పోయేది. ఒకసారి కన్ను మసకబారింది, నెలకి తేరుకుంది. ఒకసారి కాలు. ఈ రెండేళ్ళుగా ఎటాక్ అన్నదే లేదు. తగ్గుముఖం పట్టిందని సంబరపడ్డాను. పిచ్చిదాన్ని. నిరుడు చేతికర్ర వచ్చింది. ఇప్పుడు వాకర్. కాలు ఏ రోజు పోయిందంటే చెప్పలేను. అది చొక్కాలు కుట్టే మిషను పెడల్ మోకాలితో నొక్కేలా అల్లుడు మార్చిపెట్టాడు.

ఏప్రిల్ 19, శనివారం, మధ్యాహ్నం మూడు

అమ్మాయి పడుకుంది. తిన్న వెంటనే ఒళ్ళు తెలియని అలసట. బట్టల షాపాయనకి పంపాల్సిన చొక్కాలు సర్దుతూ చూశాను. ఒక కాలర్‌కి ఒక కొస పైకి, ఒకటి కిందకి. ఇది మా అమ్మాయి కుట్టు కాదు. వంకర పోవడం దాని చేతికి తెలియదు.

విప్పి మళ్ళీ కుట్టాను. నాది నాలుగో క్లాసు చదువే గానీ కుట్టు వచ్చు. దానికి చెప్పలేదు. ఏమని చెప్పను?

ఏప్రిల్ 20

ఈ రోజు రెండు.

జూన్ 12, గురువారం

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎటాక్‌లు లేవు కదండీ అని నేనే ముందు అన్నాను. వచ్చిపోయే దశ దాటిందట. ఇప్పుడు చప్పుడు లేకుండా లోపల అరుగుతూనే ఉంటుందట. అందుకే చిన్న మార్పయినా దాచొద్దట, మందు మార్చాలా, చేతులకి ఎక్సర్‌సైజులు పెట్టాలా అన్నది దాన్నిబట్టే చూస్తాడట. చేతులెలా ఉన్నాయమ్మా అని అడిగాడు. కొంచెం తిమ్మిరి, పని మాత్రం నిక్షేపంగా ఉంది, షాపాయన ఒక్క చొక్కా వెనక్కి పంపలేదండీ అంది. ఎంత గర్వంగా అందో. ఆయన రాసుకున్నాడు.

నేను దాని ఫైలు సంచిలో పెట్టాను.

ఆగస్టు 5

ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టుంది. అడుగుల చప్పుడు ఉండదు, తలుపు తీయరు. పొద్దున చూస్తే ఒక వస్తువు అమ్మాయి చేతికి లొంగకుండా పోయి ఉంటుంది. మొన్న గుండీ. నిన్న చెంచా. ఈ రోజు కత్తెర. రేపటి దాని కోసం ఇల్లంతా వెతుకుతున్నాను.

సెప్టెంబర్ 2, మంగళవారం

ఎనిమిది చొక్కాల్లో ఆరు నేను కుట్టినవే.

మిషను సూది అమ్మాయి వేలిలోకి దిగింది. అది కుడుతూనే ఉంది. రక్తం చూసి నేను కేక పెడితే, ఏమైందమ్మా అంది.

ఏమైందమ్మా అని నన్ను అడిగింది.

సెప్టెంబర్ 9

చెప్పేశాను. ఏప్రిల్ నుంచీ అన్నీ. అరుస్తుందనుకున్నాను. విప్పిన దారాలు ఏం చేశావని అడిగింది. పారేశానన్నాను. అప్పుడు అరిచింది. నా చెయ్యి పోతుంటే అందరికంటే ఆఖర్న నాకా తెలియడం? డాక్టరు ముందు నా చేత అబద్ధం చెప్పించావు కదమ్మా అంది. నీ బాధ చూడలేక అన్నాను. చూడలేకపోతే కళ్ళు మూసుకో, నా చేతి కుట్టు మాత్రం మార్చకు అంది. అల్లుడు సర్దిచెప్పబోతే, మా అమ్మని తిట్టే ఓపికన్నా నాకు మిగలనివ్వండి అంది. నవ్వాలో ఏడవాలో తెలియక అతను వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 13, శనివారం

అమ్మాయి ఒక్కతే ఒక చొక్కా కుట్టింది. నాలుగు రోజులు పట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. హాంగర్‌కి వేలాడుతోంది, ఒక భుజం దిగి, మెడ పక్కకి వాలి. ఆ గదిలోకి వెళ్తే ఎలా ఉన్నావని ఆ చొక్కాని అడగాలనిపిస్తుంది.

డాక్టరుకి చూపిస్తుందట. ఇస్త్రీ చేయొద్దంది.

అపాయింట్‌మెంట్ పదహారు, మంగళవారం, పదిన్నరకి.