బావి బండికి ఏ ఆయిలు

బావా,

కోపం తగ్గిందా? తగ్గకపోయినా ఈ ఉత్తరం చింపకుండా చదువు. నాకు నీతో మాటలేమీ అక్కర్లేదు, ఆయిలు పేరు కావాలి.

ఆటలో పడి నీ మోకాలు విరిగాక నీ పెద్ద మోటారుసైకిలు నేను తిప్పుతానన్నందుకు అలిగి మీ అక్క ఇంట్లో కూర్చున్నావు. "అది నీ వల్ల కాదు, టిక్కెట్లు చింపుకో ఫో!" అని గుడారమంతా వినబడేలా అరిచి మరీ వెళ్ళావు. నీ పక్కన చిన్న బండి మీద ఇన్నేళ్ళు తిరిగినదాన్ని కానట్టు! మన చెక్కల బావిలో నిలువు గోడ మీద బండి తిరిగితేనే కదా, పై అంచున జనం నిలబడేది. ఆదివారం ఆట మొదలుకాకపోతే వేరే జంటను తెచ్చుకుంటానని ఓనరు మొహం మీదే చెప్పాడు. ఈ బండి తప్ప మనకు ఇల్లా, వాకిలా?

పాత ఆయిలు తారులా ఉందని వంపేశాను. కొట్టుకు వెళితే అతను "ఏ గ్రేడమ్మా?" అన్నాడు. ఎంత చిక్కటిది పోయాలో నాకేం తెలుసు? అతనే ఏదో పల్చటిది ఇచ్చాడు. అది పోసిన దగ్గర్నుంచి ముందు సిలిండరు బాగానే ఉంది గానీ, దాని చాటున గాలి తగలని వెనక సిలిండరు పెనంలా కాలుతోంది. లోపల గవ్వలు పోసి ఆడించినట్టు ఒకటే చప్పుడు. గోడ మీద ఉండగా ఇంజను పట్టేస్తే నేనేమవుతానో నీకు వేరే చెప్పాలా? నీ కాళ్ళు పట్టుకుంటాను, నువ్వు ఏది పోసేవాడివో ఒక్క ముక్క రాయి.

నువ్వు ఔనన్నా కాదన్నా,
నీ పెళ్ళాం

*

ఏమే,

ఉత్తరం అందింది. సామాన్ల పెట్టె అడుగున నీలం డబ్బా ఉంది. మంచి రకం. ఉన్నది వంపేసి అది పొయ్యి. ఇంజను చల్లబడుతుంది.

మోకాలు అలాగే ఉంది. అక్క నిన్ను అడిగినట్టు రాయమంది.

నేనే

*

బంగారం,

ఆ నీలం డబ్బా ముట్టుకోకు. పోసేసి ఉంటే బండి ఎక్కకు. నీకు దణ్ణం పెడతాను, ఎక్కకు.

అది కారు ఆయిలు. మన బండిలో ఇంజనూ క్లచ్చూ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. కార్లకు చేసే ఆయిల్లో నునుపు కోసం ఏదో మందు కలుపుతారు. అది తగిలితే మన క్లచ్ ప్లేట్లు పట్టు వదిలేస్తాయి. ఇంజను అరుస్తుంది గానీ చక్రానికి బలం అందదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే రాశాను. బండి గోడ ఎక్కక మొరాయిస్తే నువ్వే విసుగెత్తి మానేస్తావనుకున్నాను. ఉత్తరం పోస్టు డబ్బాలో పడ్డాక గానీ నా పాడు బుర్రకు తట్టలేదు. ప్లేట్లు చల్లగా ఉన్నంతసేపూ ఎలాగో పట్టుకునే ఉంటాయి, వేడెక్కాకే జారతాయి. అంటే నువ్వు పైన ఉన్నప్పుడు.

పోస్టాఫీసుకు కుంటుకుంటూ పరిగెత్తాను. సంచి వెళ్ళిపోయిందన్నారు. నా ఉత్తరం నాకిచ్చెయ్యండని ఏడిస్తే పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. తంతి కొడదామంటే ఈ చిన్న పోస్టాఫీసులో ఆ సదుపాయమే లేదు.

మనకు కావలసింది చిక్కటిది, ఇరవై-యాభై గ్రేడు. వెనక సిలిండరు వేడికి అదే ఆగుతుంది. డబ్బా మీద మోటారుసైకిలుకని, తడి క్లచ్‌కు, అంటే మనదిలా ఆయిల్లో మునిగేదానికి, పనికొస్తుందని రాసి ఉండాలి. నువ్వు పడితే ఎత్తుకోవడానికి నాకు కాలు కూడా లేదే!

నీ పాపిష్టివాడు

*

బావా,

నీ రెండు ఉత్తరాల మధ్యలో ఆదివారం వచ్చింది.

నీలం డబ్బాయే పోశాను. చప్పుడు తగ్గింది, ఇంజను మెత్తగా తిరిగింది. మా బావకు తెలియని ఆయిలు లేదని ఓనరు ముందు గొప్పలు కూడా పోయాను. గోడ మీద కొన్ని చుట్లు హాయిగా సాగాయి. ఆ తర్వాత ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం కిందికి జారిపోతోంది. గోడ అడుగున ఉండే వాలు చెక్కల మీద పడబట్టి బతికాను. ఎడమ మణికట్టు విరిగింది. కుడిది బాగానే ఉంది కనక రాయగలుగుతున్నాను. జనం అదీ ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఓనరుకు ఆశ పుట్టి, కట్టు విప్పేదాకా ఆగుతాలే అన్నాడు.

నిన్ను క్షమించానని రాయను. ఒళ్ళు మండిపోతోంది. కానీ ఒకటి విను. నువ్వు పడిన రోజు నుంచీ ఆ బావిలోకి దిగాలంటే నాకూ భయమే. నీకు భయంగా ఉందని, నన్నక్కడ చూడలేనని ఒక్క మాట అని ఉంటే ఆ పూటే బండి అమ్మేసి నీ వెంట వచ్చేదాన్ని. నువ్వేమో నీ వల్ల కాదన్నావు. అందుకే ఎక్కాను.

బయలుదేరి రా. వచ్చేటప్పుడు ఆ చిక్కటి ఆయిలు తీసుకురా. ప్లేట్లు విప్పి కడిగి, నీ చేత్తోనే పొయ్యి. అమ్మినా ఆ బండిని సరిగ్గా చేసే అమ్మాలి, ఇంకెవరి ఉసురో మనకొద్దు. పని అయ్యాక నా ఎదురుగా కూర్చుని, బావిలోకి దిగవద్దని నన్ను అడుగు. ఈసారి అరవకుండా అడుగు.

నీ మీద కోపంతో, నీ కోసం చూస్తూ,
నీ పెళ్ళాం