మూసిన కిటికీలు

తమ్ముడు ఇమ్మానుయేలుకు,

ప్రభువు పేర వందనాలు. అందరం క్షేమమని రాసే అలవాటు ఈసారికి మానుకుంటున్నాను. నా జయకుమారి సమాధి మీద మట్టివేసిన చేతులతోనే నువ్వు నాకు మాటిచ్చావు. "వదిన పడుకున్న వార్డు కిటికీలు తెరిపిస్తానన్నయ్యా" అన్నావు. ఆ చేతులతోపాటు మాటనీ కడిగేసుకున్నావు. తరవాత ఆసుపత్రి కమిటీకి అధ్యక్షుడివయ్యావు. కిటికీలకు కొట్టిన చెక్కలు అలాగే ఉన్నాయి.

మహిమ ఎలా ఉందని ఉత్తరంలో అడిగావు. పుట్టిన బిడ్డ బాగున్నాడు. నా మనవరాలికే కాన్పుకు కోసిన కుట్ల దగ్గర చీము పట్టింది, జ్వరం దిగడం లేదు. ఆపరేషను కుట్లు ఇలాగే చీముపట్టి వాళ్ళ నాయనమ్మ పోయిన వార్డులోనే ఉంది.

పక్కన కోల్డ్ స్టోరేజీ నుంచి మిరప ఘాటు వస్తుంది, రోగులు దగ్గలేక చస్తారు, అందుకే మూశామని రాశావు. గాలిలో కంటికి కనబడని క్రిములుంటాయని నేను చదివి చెబితే పంతులు పిచ్చి అని నవ్వావు. ల్యాబు డాక్టరు షిరీన్ మంచాల మధ్య, క్రిములు పెరిగే జిగురు పోసిన మూతల్లేని గాజు పళ్ళేలు పెట్టి చూసింది. గాలిలోంచి పడ్డ క్రిములు గసగసాలు చల్లినట్టు మొలిచాయి. మీ కమిటీవాళ్ళు గుంపుగా వచ్చి, మంచాల చుట్టూ నిలబడి పాటలు పాడి ప్రార్థన చేసిన పూట పెట్టిన పళ్ళెంలో అసలు ఖాళీయే లేదు.

"దగ్గు తెప్పించే గాలిని బయటికి గెంటారు మాస్టారూ. తెప్పించనిదాన్ని లోపల పెట్టుకుని తాళమేశారు" అంది షిరీన్.

ఇప్పటిదాకా దాచిన సంగతి ఒకటుంది. పొద్దున గునపంతో ఆ చెక్కలు పీకేశాను. ఘాటు లోపలికి కొట్టింది. వార్డంతా దగ్గింది. మహిమ పొట్ట పట్టుకుని ఏడ్చింది. "కుట్లు పిగిలిపోతున్నాయి, నువ్వు వెళ్ళిపో తాతయ్యా" అంది. ఆసుపత్రివాళ్ళు నన్ను వరండాలోకి నెట్టి, చెక్కలు మళ్ళీ కొట్టేశారు.

ఆమెను మేడమీద గాలాడే గదికి మార్చాలంటే నీ సంతకం కావాలట. నా ఫోను ఎత్తవు కనుక మహిమ భర్త మార్కు చేతికి ఈ ఉత్తరమిచ్చి నీ దగ్గరికి పర్చూరు పంపుతున్నాను. అతని బండి మీదే రా. వస్తే మరిచిపోతాననుకోకు.

జయకుమారి పోయి ఇన్నేళ్ళయినా ఎవరిని తప్పుపడుతున్నావని అడిగావు. కోత కోసిన డాక్టరును కాదు. పొడి చీపురుతో దుమ్ము లేపిన ఆయమ్మను కాదు. సమాధి మట్టి చేతికుండగా నాకు మాటిచ్చిన ఇమ్మానుయేలును.

ఇట్లు,
వరండాలో నీకోసం చూస్తున్న అన్న,
తోమా