గలాఖ్ గిన్నె

తియెస్

నా బానిస లతీర్‌కి, నీ యజమాని హమ్మాది దీవించి రాయునది:

ఒరేయ్, మీ సెరేర్ తెగకీ మా తుకులోర్ తెగకీ తాతలు అప్పగించిపోయిన ఈ 'బానిస', 'యజమాని' వేళాకోళపు తిట్లు తర్వాత తిడతాను. ముందు నా గుండెదడ విను. మీ ఫదియూత్ నుంచి చేపలమ్మే సిగా వచ్చింది. మిట్టమధ్యాహ్నం అన్నం పెడితే నువ్వు 'ఉపవాసం' అన్నావట. ఇది రంజాన్ నెల. మా మతంలోకి వచ్చేశావా? వస్తే మంచిదే, దేవుడు చల్లగా చూస్తాడు. కానీ గుడ్ ఫ్రైడేకి నాకు గలాఖ్ పాయసం ఎవరు పంపుతార్రా? క్రైస్తవుల ఇంటి నుంచి వస్తేనే కదా అది గలాఖ్! నాకు నిద్ర పట్టడం లేదు.

ఇట్లు,
నీ యజమాని హమ్మాది

తా.క.: కిందటేడు పాయసంలో వేరుశనగ తక్కువైంది. మతం మారేముందు అది సరిచెయ్యి.

ఫదియూత్

నా బానిస హమ్మాదికి, నీ అసలు యజమాని లతీర్ రాయునది:

మూర్ఖుడా, ఇది మా క్రైస్తవుల నలభై రోజుల లెంట్ ఉపవాసం. ఈ ఏడు రెండూ కలిసొచ్చాయి. మరి నువ్వు చేస్తున్నదేంటి? అక్కడి చర్చిలో ఫాదర్ ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నావట, సిగా చూసింది. బాప్తిస్మమా? నువ్వు మావాడివైపోతే తబస్కీ పండక్కి, అదే మీ బక్రీద్‌కి, నాకు పొట్టేలు తొడ ఎవరు పంపాలి? నిన్ను ఆపమని మా ఊరి ఇమాం కాళ్లు పట్టుకోవడానికి ఇప్పుడే వెళ్తున్నాను.

ఇట్లు,
లతీర్

తా.క.: తొడ సంగతి పక్కన పెట్టు. నాకు భయంగా ఉందిరా.

తియెస్

గౌరవనీయులైన లతీర్ గారికి నమస్కారములు.

తమరు ఇమాం గారి చాప మీద కూర్చుని, సూర్యాస్తమయాన ఖర్జూరంతో ఉపవాసం విడిచారట. సిగా చెప్పింది. నేను ఫాదర్ దగ్గరకు వెళ్లింది తమర్ని తమ మతంలోనే ఉంచమని బతిమాలడానికి. పాత స్నేహితుడికి ఒక్క మాట చెప్పవలసింది.

ఇట్లు,
హమ్మాది

తా.క.: ఈ ఉత్తరంలో తిట్లు లేవు. తమరు గమనించే ఉంటారు.

ఫదియూత్, గుడ్ ఫ్రైడే

ఒరేయ్ నా బానిసా,

నీ 'గారు' చూసి నాకు చెమటలు పట్టాయి. నీ కోసం ఏడుస్తుంటే ఇమాం, "పొద్దు వాలింది, ముందు ఏదైనా తిను నాయనా" అని ఖర్జూరం చేతిలో పెట్టాడు. నోట్లో వేసుకున్నానో లేదో, గుమ్మంలో సిగా!

ఊరు నన్ను వెలేస్తుందేమోనని ఇంట్లోంచి కదల్లేదు. ఇవాళ పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. తీస్తే గలాఖ్ గిన్నె! దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. అర్థమైందా? మావాళ్లు గలాఖ్ పంపేది ముస్లింల ఇళ్లకే కదా, నన్ను వాళ్లలో కలిపేశార్రా! ఎందుకు మారావని ఒక్కరూ అడగలేదు. "పొద్దు వాలాకే తిను, ఉపవాసం చెడగొట్టుకోకు" అని జాగ్రత్త చెప్పి మరీ వెళ్లారు. కూర్చుని ఏడ్చేశాను.

వెంటనే బయల్దేరు. ఇన్ని గిన్నెలు నా ఒక్కడివల్ల కాదు.

ఇట్లు,
నీ యజమాని లతీర్

తా.క.: నా భార్య నొగాయ్ ఈ ఏడు గలాఖ్‌కి వేరుశనగ దంచడానికి రోకలి ముట్టలేదు. ఊరికి నిజం చెప్పేస్తానంటే, "కొత్త ముస్లింవని తబస్కీ మాంసం కూడా వచ్చాక చెబుదువుగానిలే" అంటోంది.